వాసన తెలిసిన సాక్షి

రాజమండ్రి ఇన్నీసుపేటలో జోగేశ్వరరావు కులం అడిగి ఇల్లు అద్దెకిచ్చేవాడు కాదు. అడగడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం. వచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి చెంబుతో మంచినీళ్ళిచ్చేవాడు.

నీళ్ళు అంచు దాకా ఉండేవి. చెంబు పెదవికి ఆనించి తాగితే, "అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకి మాటిచ్చేశామండి" అనేవాడు. ఎత్తి పోసుకుని చొక్కా తడుపుకుంటే, "వారం పోయాక ఒకసారి కనబడండి" అనేవాడు. ఎత్తి పోసుకుని, చుక్క ఒలకకుండా తాగినవాడికి పెరటి వాటా తాళంచెవి ఇచ్చేవాడు. ఎంగిలి పట్టింపు ఉన్న ఇంట్లో పుట్టినవాడికే ఆ విద్య పట్టుబడుతుందని, పదకొండేళ్ళలో తన అంచనా ఒక్కసారీ తప్పలేదని తన కిరాణా కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు.

డెబ్భై ఎనిమిది జూన్‌లో పల్లంరాజు ఆ అరుగు మీద కూర్చున్నాడు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ట్రేసరు. కాలవల పటాల మీద పల్చటి కాగితం పరిచి నకళ్ళు గీయడం ఆయన ఉద్యోగం. మెట్ల దగ్గర భార్య లోవలక్ష్మి, ఏడేళ్ళ కూతురు చిన్నమ్మాయి నిలబడి ఉన్నారు.

పల్లంరాజు చెయ్యి పూర్తిగా చాచి చెంబు ఎత్తాడు. నీళ్ళు దారంలా నోట్లోకి దిగాయి. గుటక వేసినట్టు కూడా కనబడలేదు. చెంబు ఖాళీ చేసి కింద పెట్టాడు.

జోగేశ్వరరావు అలాంటి తాగుడు చూడలేదు.

"ఇంకో చెంబు తీసుకుంటారాండి?"

"వద్దండి. దాహం తీరిందండి."

"ఊరికే. చూద్దామని."

పల్లంరాజు రెండో చెంబు కూడా తాగాడు. ఈసారి మధ్యలో ఆపి, "అద్దె ఎంతండి?" అని అడిగి, మళ్ళీ అందుకున్నాడు.

"ఏ ఊరండి మీది?"

"ఉప్పాడండి."

ఉప్పాడంటే చీరలని జోగేశ్వరరావుకి తెలుసు. మగ్గాలవాళ్ళు కాబోలు, పద్ధతి కలవాళ్ళేనని మనసులో అనుకున్నాడు.

"అక్కడ సొంతిల్లుందాండి?"

"ఉందండి. సముద్రంలో ఉంది."

"సముద్రం దగ్గరా?"

"సముద్రంలోనేనండి. మా నాన్న కట్టినప్పుడు ఒడ్డునే ఉండేది. ఒడ్డు కోసుకుపోయింది. పడవ మీద వెళ్తే మావాళ్ళు ఇక్కడే అని చూపిస్తారు."

జోగేశ్వరరావు తాళంచెవి ఇచ్చాడు.

కులం అడిగితే పల్లంరాజు చెప్పేసేవాడు. అంతకుముందు ధవళేశ్వరంలో, రాజమండ్రిలో అలా చెప్పి చాలా గుమ్మాల దగ్గర్నుంచి వెనక్కి వచ్చాడు. అడగనివాళ్ళ ఇళ్ళల్లో చేరేవాడు. తర్వాత వాళ్ళకి తెలిసేది. మూడేళ్ళలో ఆరిళ్ళు అలాగే ఖాళీ చేశాడు. కులం వల్ల పొమ్మని ఎవరూ అనలేదు. ఒకాయన సున్నం వేయించాలన్నాడు. ఒకాయన మిలటరీ నుంచి తమ్ముడొస్తున్నాడన్నాడు. ఒకాయన వాస్తు బాగాలేదు, మీకే మంచిది కాదన్నాడు. మిగతా ముగ్గురూ తమ అమ్మాయి పురిటికొస్తోందన్నారు. అందులో ఒకమ్మాయి తర్వాత సిటీ బస్సులో లోవలక్ష్మికి కనబడింది. పాపో బాబో అని అడిగితే, ఇంకా సంబంధాలు చూస్తున్నారని చెప్పింది.

బడిలో వేశాక ఇల్లు మారినప్పుడల్లా చిన్నమ్మాయి బడి మారింది. ఇది నాలుగో బడి. రెండో తరగతి మూడు బళ్ళలో చదివింది. వెళ్ళిన ప్రతి బడిలోనూ రెండో ఎక్కం దగ్గరే మొదలుపెట్టారు. ఆరో ఎక్కం దాకా వచ్చేసరికి సామాను బండెక్కేది. ఆ పిల్లకి ఏడో ఎక్కం ఉందన్న సంగతే తెలియదు.

ఇన్నీసుపేట ఇంట్లో రెండు నెలలు బాగానే గడిచాయి. లోవలక్ష్మికి ఒక నియమం ఉంది. కొత్త ఇంట్లో మొదటి ఆర్నెల్లు చేప వండదు. ఇంకా నాలుగు నెలలు పప్పూ చారే.

ఆగస్టులో కాకినాడ నుంచి జోగేశ్వరరావు స్నేహితుడు నాగేశ్వరప్రసాద్ వచ్చాడు. ఆయనది తాళ్ళు, నైలాన్ దారం వ్యాపారం. భోజనాలయ్యాక జోగేశ్వరరావు పల్లంరాజుని అరుగు మీదకి పిలిచాడు.

"పల్లంరాజు గారూ, ఓ చెంబుడు నీళ్ళు తాగుతారా. మావాడు చూడాలంటున్నాడు."

పల్లంరాజు తాగాడు. జోగేశ్వరరావు స్నేహితుడి వంక చూశాడు.

"ఎలా ఉంది? మడి కట్టుకునే ఇళ్ళల్లో కూడా ఇంత నిష్ఠ లేదురా ఈ రోజుల్లో."

"నిష్ఠేంటి?" అన్నాడు నాగేశ్వరప్రసాద్. "ఏ ఊరు బాబూ నీది?"

"ఉప్పాడండి."

"అదీ సంగతి. పడవలో పదిమందికి కుండ ఒకటే ఉంటుంది. ఊగే పడవలో కుండ మూతికి ఆనించావంటే పళ్ళు రాలతాయి. అందుకని ఎత్తి పోసుకుంటారు. మా కొట్టుకి దారం కొనడానికొచ్చే వలవాళ్ళందరూ ఇంతే. పడుచుపిల్లలు కూడా ఇంతే. ఇది చూడ్డానికా నన్ను నిద్ర లేపావు?"

జోగేశ్వరరావు కొంతసేపు చెంబు వంక చూశాడు.

"మీరు..." అన్నాడు.

"వలవాళ్ళమేనండి. మా నాన్న వేటకెళ్ళేవాడు. మా అమ్మ ఇప్పటికీ కాకినాడలో చేపలమ్ముతుంది."

మర్నాడు పొద్దున్న జోగేశ్వరరావు పెరట్లోకి వచ్చాడు.

"ఏమయ్యా పల్లంరాజూ, మా అమ్మాయి పురిటికొస్తోంది. నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"మీకు ఇద్దరూ మగపిల్లలే కదండీ."

జోగేశ్వరరావు ఆ సంగతి ఆలోచించి రాలేదు.

"కోడలు" అన్నాడు.

"పెద్దబ్బాయి ఎనిమిదో తరగతి కదండీ."

"ఎవరిదైతేనేం. పురుడు పురుడే. ఇల్లు కావాలి."

ఆ మధ్యాహ్నం పల్లంరాజు ఆఫీసుకి సెలవు పెట్టి, ట్రంకుపెట్టె దింపాడు. లోవలక్ష్మి దాని మీద కూర్చుంది.

"నేను రాను" అంది.

"ఏంటి రాననడం? ఇల్లు ఆయనది."

"పిల్లకి ఏడో ఎక్కం వచ్చేదాకా నేను కదల్ను. మీరు వెళ్ళండి. కొత్త ఇల్లు దొరికాక అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతూ ఉండండి."

ఆవిడ లేవలేదు. పెట్టెలో ఏం పెట్టడానికీ వీల్లేక పల్లంరాజు చొక్కా తొడుక్కుని, ఆఫీసులో ఎవరో చెప్పిన ప్లీడరు వీరబ్రహ్మం దగ్గరికి వెళ్ళాడు. వీరబ్రహ్మం గది సైకిలు షాపు మీద ఉంటుంది. ఆయన అంతా విని, కళ్ళజోడు తీశాడు.

"ఆరిళ్ళూ నోటిమాటకే ఖాళీ చేశావా?"

"అవునండి. పొమ్మన్నారండి."

"పొమ్మంటే పోవడానికి నువ్వేమన్నా పిల్లివా? అద్దె ఎగ్గొట్టావా?"

"లేదండి."

"ఇంకొకళ్ళకి తిరిగి అద్దెకిచ్చావా? గోడలు పడగొట్టావా? ఇంట్లో దుకాణం పెట్టావా?"

"లేదండి."

"ఇరుగుపొరుగుతో పోట్లాడతావా?"

"మాట్లాడితేనే కదండీ పోట్లాట."

వీరబ్రహ్మం అద్దె ఇళ్ళ చట్టం పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "ఇలాంటివి కొన్ని కారణాలు ఇందులో రాశారు. లేదంటే ఇల్లు తన సొంతానికి నిజంగా కావాలి. అది కూడా రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చెయ్యాలి. ఈ కారణాల్లో కులం ఉందేమో వెతుకు. పొద్దుపోయేదాకా వెతికినా ఉండదు."

"అయితే కులం చూసి ఇల్లివ్వకపోవడం తప్పేనాండి?"

"అలా అనకు. ఇవ్వకముందు నా దగ్గరికొస్తే నేనేం చెయ్యలేను. అంటరానితనం చట్టం మీ కులానికి వర్తించదు, కాబట్టి ఎవరికిచ్చుకోవాలన్నది అతని ఇష్టం. తాళంచెవి చేతులు మారాక మాత్రం చట్టం వచ్చి మధ్యలో కూర్చుంటుంది. నువ్వు లోపల ఉన్నావు. లోపలే ఉండు."

పల్లంరాజు ఇంటికొచ్చేసరికి లోవలక్ష్మి పెట్టె మీదే కూర్చుని బియ్యం ఏరుకుంటోంది.

నెలాఖరు దాటింది. సెప్టెంబరు మొదటివారంలో జోగేశ్వరరావు బావి గిలక ఊడదీసి కొట్టుకి పట్టుకుపోయాడు. నీళ్ళు లేకపోతే వాళ్ళే పోతారని ఆయన లెక్క. ఆ ఇంటికి బావి ఒకటే. జోగేశ్వరరావు భార్య అన్నపూర్ణమ్మ కూడా అందులోనే తోడుకోవాలి. రెండు రోజులు ఇద్దరాడవాళ్ళూ తాడు చెరో చేత్తో పట్టుకుని చేదలు లాగారు. అంతదాకా వాళ్ళు మాట్లాడుకున్నది లేదు. తాడు పట్టుకున్నాక తప్పలేదు.

"మీ ఆయన గిలకతో ఏం చేస్తారండి కొట్లో?" అని అడిగింది లోవలక్ష్మి.

"ఏం చేస్తారు. బెల్లం డబ్బా మీద పెట్టుకుని కూర్చుంటారు. నువ్వు లాగు, నా భుజం పోయింది."

మూడోరోజు వీరబ్రహ్మం నోటీసు వచ్చింది. అద్దెకున్నవాళ్ళు అనుభవిస్తున్న వసతులు కారణం లేకుండా ఆపడం నేరమని అందులో ఉంది. ఆ సాయంత్రమే గిలక బావి మీదకి వచ్చింది. నూనె కూడా రాసి ఉంది. భుజం నొప్పి మీద అన్నపూర్ణమ్మ ఇంట్లో ఏం మాట్లాడిందో పెరటి వాటా దాకా వినబడింది.

అప్పుడు జోగేశ్వరరావు ప్లీడరు తాతాజీ గారి దగ్గరికి వెళ్ళాడు. పురుడు పనికిరాదని తాతాజీ చెప్పాడు. పొరుగువాళ్ళకి ఇబ్బంది కలిగించడం అన్న కారణం ఉంది కాబట్టి, దాని మీద పిటిషన్ రాశాడు. "ఎదురుదారు తన వాటాలో నిత్యం చేపలు వండుట వలన, ముఖ్యముగా ఆగస్టు ఇరవయ్యో తేదీన, భరింపశక్యము కాని వాసన వెలువడి పిటిషనరుకును చుట్టుపక్కల వారికిని తీవ్రమైన ఇబ్బంది కలుగుచున్నది."

ఆ కాగితం లోవలక్ష్మికి చదివి వినిపించాడు పల్లంరాజు.

"నిత్యం చేపలా?" అంది. "మూడు నెలలుగా పప్పు తింటున్నాం. కేసు ఎలాగూ పెట్టారు, రేపు ఓ నాలుగు పరిగెలైనా తెస్తారా?"

"కేసు తేలేదాకా వద్దు."

"ఎన్నాళ్ళకి తేలుతుంది?"

"తెలీదు."

కేసు ఫిబ్రవరి దాకా వాయిదాలు పడింది. ఓడిపోతే ఏడో ఇల్లు కూడా పోతుంది. ఈసారి కోర్టే పొమ్మంటుంది కాబట్టి ఎదురు చెప్పడానికీ ఉండదు. పల్లంరాజు ఆఫీసులో ఒక కాలవని రెండుసార్లు గీసి చీవాట్లు తిన్నాడు.

రెంట్ కంట్రోలర్ అంటే మున్సిఫ్ గారే. సాక్ష్యం రోజున కోర్టు హాల్లో వెనక బెంచీలు రెండూ నిండాయి. జోగేశ్వరరావు తన తరఫు బలం కనబడాలని మెయిన్ రోడ్డు వర్తకులని వెంటబెట్టుకొచ్చాడు. కాకినాడ నుంచి నాగేశ్వరప్రసాద్ వస్తుంటే, ఆయనకి కాబోయే వియ్యంకుడు కూడా కోర్టు చూద్దామని వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు.

జోగేశ్వరరావు బోనెక్కి చేపల వాసన భరించలేకపోతున్నానని చెప్పాడు. వీరబ్రహ్మం లేచాడు.

"మీరు శాకాహారులా?"

"ఏడు తరాలుగా."

"చేపని ఎప్పుడైనా చూశారా?"

"బొమ్మల్లో చూశాను. మత్స్యావతారం."

"దాని వాసన?"

"బొమ్మలకి వాసనేంటండి."

"మరి ఆగస్టు ఇరవయ్యిన మీకు తగిలింది చేప వాసనేనని ఎలా పోల్చారు?"

జోగేశ్వరరావు తాతాజీ వంక చూశాడు. తాతాజీ కాగితాల వంక చూశాడు.

"మాకు తెలిసిన వాసనలన్నీ మాకు తెలుసండి. అది తెలీలేదు. కాబట్టి చేపే."

మున్సిఫ్ గారు రాస్తున్న కలం ఆపారు. "అంటే మీకు తెలియని వాసన ఏదైనా చేపేనా?"

"మా ఇంట్లో అంతేనండి."

తర్వాత నాగేశ్వరప్రసాద్. తాతాజీకి నమ్మకమంతా ఈయన మీదే. ఆగస్టు ఇరవయ్యిన ఆ ఇంట్లోనే ఉన్నాడు, పైగా రోజూ వలవాళ్ళతో మసిలే మనిషి. వాసన తెలియదనడానికి లేదు.

"మీ కొట్టుకి వలవాళ్ళు వస్తారు కదా?" అడిగాడు తాతాజీ.

"వస్తారండి. ముప్పై ఏళ్ళుగా."

"కాబట్టి చేప వాసన మీకు బాగా తెలుసు."

నాగేశ్వరప్రసాద్ మొదటి బెంచీ వంక చూశాడు. కాబోయే వియ్యంకుడు ముందుకి వంగి కూర్చున్నాడు.

"తెలీదండి" అన్నాడు.

"ముప్పై ఏళ్ళుగా వలవాళ్ళతో బేరం చేస్తూ తెలీకపోవడమేంటండి?"

"నాకు జలుబండి."

"ఎప్పట్నుంచి?"

"కొట్టు పెట్టినప్పట్నుంచి."

వీరబ్రహ్మం ప్రశ్నలేమీ లేవన్నాడు. నాగేశ్వరప్రసాద్ దిగుతూ రెండుసార్లు తుమ్మాడు.

ఇక మిగిలింది అన్నపూర్ణమ్మ. "వాసన వచ్చింది, భరించలేకపోయాను." ఈ రెండు ముక్కలూ చెప్పి దిగిపొమ్మని జోగేశ్వరరావు ముందురోజు ఆవిడ చేత నాలుగుసార్లు వల్లె వేయించాడు. తాతాజీ అడిగాడు.

"ఆగస్టు ఇరవయ్యిన వాసన వచ్చిందామ్మా?"

"వచ్చింది."

"భరించగలిగారా?"

"లేదు. భరించలేకపోయాను."

తాతాజీ కూర్చున్నాడు. పల్లంరాజు లోవలక్ష్మి వంక చూశాడు. ఆవిడ కొంగు చివర మడతపెడుతూ కూర్చుంది. వీరబ్రహ్మం లేచాడు.

"అది చేప వాసనేనామ్మా?"

"కాదు."

"చేప వాసన మీకు తెలుసా?"

వెనక బెంచీలు కదిలాయి. జోగేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. అన్నపూర్ణమ్మ అటు చూడలేదు.

"తెలుసు. మాది నర్సాపురం. మా పుట్టింటి పెరటి గోడకి అవతలే చేపల బజారు. పెళ్ళయ్యేదాకా ఆ వాసనకే నిద్ర లేచాను. వంజరం వేరు, పండుగప్ప వేరు. ఎండుచేప ఇంకా వేరు. కళ్ళు మూసుకుని చెబుతాను. మేం తినం. ముక్కుకి మడేంటండి."

"మరి ఆ రోజు వచ్చిందేంటి?"

"వేరుశనగ చెక్క, గేదెల దాణా. రెండు బస్తాలు. కొట్లో చోటు లేదని మా ఆయన తెచ్చి మెట్ల కింద పెట్టారు. వానకి తడిసి కుళ్ళింది. తీయించండి తీయించండి అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. తర్వాత పదిరోజులకి తీయించారు."

"ఎదురుదారు ఇంట్లో చేపలు?"

"లోవ ఒక్కరోజు కూడా వండలేదు. జూన్‌లో వాళ్ళది ఉప్పాడని విన్నప్పట్నుంచీ నేను కనిపెట్టుకునే ఉన్నాను."

"కనిపెట్టుకుని ఎందుకున్నారు?"

అన్నపూర్ణమ్మ మున్సిఫ్ గారి వైపు తిరిగింది.

"నేను నర్సాపురం వెళ్ళి తొమ్మిదేళ్ళయిందండి" అంది.

మున్సిఫ్ గారు ఆ మాట కూడా రాసుకున్నారు.

తీర్పు పదిరోజుల తర్వాత వచ్చింది. పిటిషన్ కొట్టేశారు. వాసన ఉందన్న సాక్షికి అది ఏ వాసనో తెలియదని, తెలియవలసిన సాక్షికి జలుబని, తెలిసిన సాక్షి లేదన్నదని రాశారు. చివర ఇంకో మాట కూడా ఉంది. ఒకవేళ ఎదురుదారు చేప వండుకున్నా, ఇంట్లో అన్నం కూర వండుకోవడం పొరుగువారికి ఇబ్బంది అనుకుంటే ఈ జిల్లాలో అద్దె ఇళ్ళన్నీ ఖాళీగా ఉండాల్సి వస్తుంది.

కోర్టు వరండాలో జోగేశ్వరరావు, "అప్పీలుకి వెళదాం" అన్నాడు.

"వెళ్ళొచ్చు" అన్నాడు తాతాజీ. "సాక్షుల్ని మార్చాలి."

"భార్యని ఎలా మారుస్తానండి?"

"అందుకే వద్దంటున్నాను."

ఆ సాయంత్రం లోవలక్ష్మి ముందు వాటాలోకి వెళ్ళి అన్నపూర్ణమ్మని అడిగి సుత్తి తెచ్చుకుంది. ఆరిళ్ళలో ఆవిడ ఒక్క మేకు కొట్టలేదు. కొడితే ఇల్లు మారేటప్పుడు పీక్కోవాలి. అద్దం ట్రంకుపెట్టె మీద గోడకి చేరేసి ఉండేది. పల్లంరాజు మూడేళ్ళకి పైగా నేల మీద కూర్చునే గడ్డం గీసుకుంటున్నాడు.

మొదటి దెబ్బకే జోగేశ్వరరావు పెరట్లోకి వచ్చాడు. చేతిలో అద్దె ఇళ్ళ చట్టం పుస్తకం ఉంది. పొద్దున్నే కొన్నాడు.

"ఇంటి విలువ తగ్గేట్టు నష్టం చేస్తే ఖాళీ చేయించొచ్చని ఉంది ఇందులో" అన్నాడు.

"మేకు అని ఉందాండి?" అడిగాడు పల్లంరాజు.

జోగేశ్వరరావు పేజీలు తిప్పాడు. వాళ్ళ గుమ్మంలో కూర్చుని చాలాసేపు చదివాడు.

"మేకు లేదు" అన్నాడు.

ఆయన లేవలేదు. లోవలక్ష్మి ఇంకో దెబ్బ వేసింది. సున్నం పెచ్చు ఊడి కింద పడింది. మేకు నిలవలేదు. ఇంకో మేకు తీసింది. అదీ నిలవలేదు.

"అక్కడ కాదమ్మా" అన్నాడు జోగేశ్వరరావు. "అక్కడ సున్నం వెనకాల ఉత్త మట్టి. మా నాన్న హయాంలో కట్టిన గోడ. దూలం కింద నిలువు కర్ర ఉంది, అక్కడ కొట్టు. ఇంకాస్త ఎడంపక్కకి. ఆ. ఇంకా పైకి, ఆయన పొడుగరి కదా, నిలబడి చూసుకోవాలి కదా."

అక్కడ మేకు దిగింది. లోవలక్ష్మి అద్దం తగిలించింది. పల్లంరాజు ఎదురుగా నిలబడి గడ్డం తడిమి చూసుకున్నాడు.

లోవలక్ష్మి రెండో మేకు ద్వారబంధానికి, నేలకి మూడడుగుల ఎత్తులో కొట్టింది. చిన్నమ్మాయి బడిసంచీ తెచ్చి తనే దానికి తగిలించింది. అందుతోందో లేదో చూడ్డానికి తీసి మళ్ళీ తగిలించింది.